డోలు సీను ఎట్లా పోయిందంటే

తమ్ముళ్లూ, మీది సుఖమైన పని. నటుడు గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నాడో మరిచిపోతే ఫోను తీసి చూసుకుంటారు. మా రోజుల్లో ఆ వసతి లేదు. స్టిల్ ఫొటోగ్రాఫరు ఉండేవాడు గానీ, అతను హీరో మొహం తప్ప ఇంకొకటి తీస్తే ఫిల్ము దండగని తిట్లు పడేవి. ఇక మిగిలింది నేను, నా పుస్తకం. గ్లాసు ఏ చేతిలో ఉంది, నీళ్లు ఎంతవరకున్నాయి, కండువా ఏ భుజం మీద ఉంది, కన్నీళ్లు ముందు ఏ కంట్లోంచి కారాయి, అన్నీ పెన్సిలుతో దాంట్లో రాసేవాణ్ణి. సినిమాను ముక్కలు ముక్కలుగా తీస్తారు గదా. ఈరోజు దూరం నుంచి తీసిన ముక్కా, రేపు దగ్గర నుంచి తీసే ముక్కా అతుక్కోవాలంటే నా పుస్తకమే దిక్కు. యూనిట్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. అందరికీ నేను 'పుస్తకమాయన'నే.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను తెలిసి ఒకే ఒక్క తప్పు రాశాను. తెలియక రాసినవి చాలా ఉన్నాయి, వాటి సంగతి మీరు అడగొద్దు, నేను చెప్పను. ఈ ఒక్కదాని గురించి మాత్రం చెప్పాలి. మీలో ఎవరైనా రేపు నిజంగా బతికిన మనిషి కథ సినిమాగా తీస్తారు. అప్పుడు నేను గుర్తుకొస్తే చాలు.

నాది నంద్యాల. నాయన మిషను బడిలో లెక్కల పంతులు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు ఎక్కాలు, ఇదీ మా ఇల్లు. నేను సినిమాల్లో చేరతానని మద్రాసు పోతే నాయన మూడేళ్లు ఉత్తరం రాయలేదు. అట్లాంటిది, డెబ్బైల చివర ఒక సినిమా యూనిట్టే నన్ను వెంటబెట్టుకుని నంద్యాలకు వచ్చింది. నాయన షూటింగు చూడ్డానికి రాలేదు గానీ, షూటింగు జరుగుతున్న వీధిలోంచి రోజుకు నాలుగుసార్లు ఏదో పనున్నట్టు పోయేవాడు.

నిర్మాత నంద్యాల బజార్లో బట్టల కొట్టు షావుకారు. ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో పుట్టి, సీమంతా పేరు మోగించి చనిపోయిన ఒక సన్నాయి విద్వాంసుడి జీవితం సినిమాగా తీయాలని ఆయన పట్టు. సినిమా మీద మోజు కాదు. ఆ విద్వాంసుడే ఆయన పెండ్లికి వాయించాడట.

"ఆయన వాయిస్తాంటే తాళి కట్టేది మరిచిపోయి కూర్చుంటినప్పా. పురోయితుడు తొడ గిల్లినాడు. అంత గొప్పోడు," అని చెప్పేవాడు షావుకారు, ప్రతి ఒక్కరికీ, చెప్పినవాళ్లకే మళ్లీ మళ్లీ.

దర్శకుడు కృష్ణా జిల్లా మనిషి. మర్యాదస్తుడు. సన్నాయి గురించి ఆయనకు తెలిసిందల్లా అది మోగితే భోజనాలకు టైమయిందని. రచయితను నంద్యాల లాడ్జిలో నాలుగు రోజులు కూర్చోబెట్టి, విద్వాంసుణ్ణి ఎరిగినవాళ్లు, ఎరిగినట్టు చెప్పుకునేవాళ్లు చెప్పిందంతా రాయించాడు. అదే కథ అయింది.

ఇక తప్పులు మొదలయ్యాయి. మొదటిది షావుకారిదే. విద్వాంసుడు పిల్లవాడుగా ఉన్నప్పుడు నంద్యాల బజార్లో నడిచిపోయే షాటు ఒకటుంది. తెల్లవాళ్ల కాలం నాటి సంగతి. షావుకారు అది తన కొట్టు ముందే తీయాలన్నాడు. ఆ కొట్టు పెట్టి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు. సరే, బోర్డు మీద గుడ్డ కప్పుదామన్నాడు దర్శకుడు.

"బోర్డు కప్పేదానికయితే నేను సినిమా ఎందుకు తీస్తాండానప్పా?" అన్నాడు షావుకారు.

టెలిఫోను నంబరుతో సహా ఆ బోర్డు కిందినుంచే మా పిల్లవాడు తెల్లవాళ్ల కాలంలోకి నడిచిపోయాడు.

ఆళ్లగడ్డలో తీసినవి ఇంకా అందం. గుడి సీను కోసం అక్కడి శిల్పితో రాతి నందిని చెక్కించాం. నంది ఎంత ముద్దుగా వచ్చిందంటే లైట్‌బాయ్‌లు కూడా దండం పెట్టారు. అయితే ఆ శిల్పి దగ్గర ఏ విగ్రహం చేయించినా పీఠం మీద దాత పేరు, సంవత్సరం చెక్కి ఇవ్వడం ఆనవాయితీ. మేమేం చెప్పలేదు కాబట్టి ఆయన తన మర్యాద ప్రకారం షావుకారు పేరూ, ఆ ఏటి సంవత్సరమూ చెక్కి, ఎర్రరంగు నింపి మరీ పంపాడు. షాటు అయ్యాక గానీ చూసుకోలేదు. రెండో షాటుకు పూలు కప్పితే పేరు దాగింది, సంవత్సరం దాగలేదు. పల్లెలో ఒకరి ఇల్లు అద్దెకు తీసుకుంటే, ఆ ఇంటాయన కొత్తగా వేయించుకున్న ట్యూబులైటు సినిమాలో పడాలని, కెమెరా తిరగ్గానే స్విచ్చు వేసేవాడు. కరెంటే లేని కాలం కథలో ఆ గోడ తెల్లగా మెరిసిపోయింది. హీరో చెవులు కుట్టించుకోనన్నాడు, పోగులు బంకతో అంటించేవాళ్లం. మాటకు మధ్యలో ఒకటి ఊడి పడేది. ఒక చెవి విద్వాంసుడిది, ఒక చెవి మద్రాసుది అన్నట్టుండేది వ్యవహారం.

వీటన్నిటికీ సాక్షి ఒకాయన ఉండేవాడు. విద్వాంసుడి పక్కన నలభై ఏళ్లు డోలు వాయించిన పెద్దాయన. ఆళ్లగడ్డలోనే ఇల్లు. డెబ్బై దగ్గర పడిన మనిషి, సన్నగా చువ్వలాగా ఉండేవాడు, నుదుటి మీద మూడు విభూతి రేఖలు. సలహాదారు అని పేరు పెట్టి, రోజూ జీపులో తెచ్చి, ఇనుప కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. సలహా ఇవ్వడానికి కాదు, సలహాదారు ఉన్నాడని పేపర్లో వేయించుకోవడానికి. పాపం, ఆయనకు అది తెలియక నిజంగానే సలహాలిచ్చేవాడు.

"అప్పా, కచేరీ మొదుట్లోనే మంగళం వాయిస్తాండారే. మంగళం అంటే ఇంగ లేసి ఇండ్లకు పోండి అని గదా."

"మద్రాసులో రికార్డు అయిపోయిందండీ తాతగారూ. ఎవరికి తెలుస్తుంది?" అనేవాడు దర్శకుడు నవ్వుతూ.

"నాకు తెలుస్తాదప్పా."

దర్శకుడు నవ్వుతూనే వెళ్లిపోయేవాడు. పెద్దాయన నా వైపు తిరిగేవాడు. "నువ్వు రాసుకో. ఒకరన్నా రాసుకోండి."

నేను రాసుకున్నాను. పుస్తకం ముందు పేజీల్లో తీసిన షాట్లు, వెనకనుంచి మొదలుపెట్టి తప్పులు. సాయంత్రం సర్దుకునేటప్పుడు ఆరోజు లెక్క చదివి వినిపించేవాణ్ణి. ఆయన భుజాలు కదిలేటట్టు నవ్వేవాడు, చప్పుడు మాత్రం బయటికి వచ్చేది కాదు. అట్లా మేమిద్దరం దొంగ స్నేహితులమయ్యాం.

మొదటిరోజే ఆయన నన్ను ఒక మాట అడిగాడు. "నా యేషం ఎవురేస్తాండారప్పా?"

స్క్రిప్టు తిరగేశాను. కచేరీలు మూడున్నాయి. డోలు దగ్గర ఆరోజు ఖాళీగా ఉన్న జూనియర్ ఆర్టిస్టు ఎవడైతే వాడే కూర్చుంటాడు. విద్వాంసుడు చిన్నప్పుడు ఒకడు, పెండ్లిలో ఒకడు, ముసలితనంలో ఒకడు, ముగ్గురికీ పోలిక లేదు. డోలాయన అని రాసి, మాటలు పెట్టిన సీను మాత్రం ఒకటే ఒకటి ఉంది.

"ఒక సీనుంది తాతా. పెద్దదే."

"మాటలుండాయా?"

"నాలుగు మాటలున్నాయి."

మర్నాటికల్లా ఆళ్లగడ్డ బస్టాండులో టీ కొట్టతను కూడా నన్ను ఆపి, "నాలుగు మాటలంట గదప్పా మా పెద్దాయనకు," అన్నాడు. అది ఏం సీనో మాత్రం నేను ఆయనకు చెప్పలేకపోయాను.

ఆ సీను ఇదీ. తేరు పండగ. ఊరంతా చేరింది. విద్వాంసుడు వేదిక మీద వాయిస్తుంటే డోలాయన తాగి వస్తాడు, తాళం తప్పుతాడు, తూలి పడతాడు. జనం నవ్వుతారు. విద్వాంసుడు అవమానంతో సన్నాయి కింద పెట్టి, మూడేళ్లు ముట్టనని లేచిపోతాడు. ఇది రచయిత కల్పన కాదు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎవరినడిగినా ఇట్లాగే చెబుతారు.

తీయడానికి ముందురోజు దర్శకుడు ఇబ్బంది పడుతూ పెద్దాయన దగ్గర కూర్చుని సీను చదివి వినిపించాడు. "మీకు బాధ కలిగితే కొంచెం మారుస్తామండీ," అన్నాడు. మంగళం ముందు వాయించినందుకే మూడు రోజులు సణిగిన మనిషి, దీనికి కుర్చీ ఎత్తి కొడతాడనుకున్నాను.

పెద్దాయన ఆకు నములుతూ మొత్తం విన్నాడు. "అట్లే జరిగినాది. తియ్యండి," అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు. మర్నాడు వేదిక దగ్గర, తన వేషం వేసిన నటుడికి పడడం నేర్పించాడు. "అట్ల కాదప్పా. డోలోడు ఎంత తాగినా డోలును కింద పడనీడు. తాను యల్లకిలా పడి డోలును పొట్ట మింద పెట్టుకుంటాడు. ఇట్ల." డెబ్బై ఏళ్ల మనిషి చాప మీద పడి చూపించాడు. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. ఆరోజు దూరం నుంచి తీసే షాట్లన్నీ అయిపోయాయి. మొహాలు దగ్గరగా తీసేవి మర్నాటికి మిగిలాయి.

సాయంత్రం నేను పుస్తకం చంకలో పెట్టుకుని శిల్పుల పాకల వైపు పోతున్నాను. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకున్నారు. పెద్దాయన భార్య. రోజూ ఆయనకు జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తెచ్చే ముసలామె. పొట్టిగా ఉండేది, నోరు మాత్రం పొట్టిది కాదు.

"పుస్తకం రాసేటోడివి నువ్వే గదా?"

"నేనే అవ్వా."

"అయితే ఇది రాసుకో. ఆ పొద్దు తాగిండేది ఈయప్ప కాదు."

నేను చంకలోంచి పుస్తకం తీశాను.

"ఈయప్పకు తాగేది యాడ తెలుసు? దగ్గుకు డాక్టరిచ్చిన మందు తాగాలంటేనే మూతి ముప్పై వంకరలు తిప్పుతాడు. ఆ పొద్దు తాగిండేది ఆ మారాజు. సన్నాయి పీక నోట్లో నిలవలే. తాళం యాడికో పాయ. ఆయన పడిపోతాడని ఈయప్ప ముందే దబుక్కున పడె. అందురూ ఈయప్పనే తిట్టిరి. మూడేండ్లు మమ్మల్ని పెండ్లికి పిలిచినోడు ల్యా. మా నాయన గడప తొక్కొద్దనె. నేను కూలికి పోయినా. ఇప్పుడిప్పుడే ఊరు మరిచిపోయింది నాయనా. బొమ్మలో చూపిస్తే మళ్లా మొదులైతాది. నువ్వు కొట్టేసెయ్ దాన్ని."

శిల్పులు ఉలులు ఆపి వింటున్నారు. ఆమె వాళ్ల వైపు తిరిగి, "మీకేంది ఈడ పని?" అంటే మళ్లీ మొదలుపెట్టారు.

నేను పెద్దాయన దగ్గరికి పోయి అడిగేశాను. ఆయన ముందు భార్యను తిట్టాడు, తర్వాత నన్ను తిట్టాడు, తర్వాత మెల్లగా చెప్పాడు.

"సన్నాయి తాళం తప్పితే డోలోడు ఏం చెయ్యాల? తానే తప్పినట్ల ఒక దెబ్బ ఎచ్చు కొట్టి, ఇద్దురూ మళ్లా కలిసేట్ల చెయ్యల్ల. ఇన్నోళ్లు డోలోన్ని తిడతారు. సన్నాయి పేరు నిలబడతాది. అది మా పనప్పా. దినామూ చేసేదే. ఆ పొద్దు కొంచెం పెద్దగా చేస్తి, అంతే."

"తర్వాతైనా ఆయన నిజం చెప్పలేదా?"

"చెప్తానని వచ్చె. నేనే వద్దంటి. మూడేండ్లయినాక మా ఇంటికొచ్చి 'డోలు తియ్' అన్యాడు. తీసినా." ఆయన లేచి కండువా దులుపుకున్నాడు. "ఇది మాత్రం ఆ యనక పేజీల్లో రాయొద్దు."

నాకు ఒళ్లు మండిపోయింది. ట్యూబులైటుకు నవ్వాను, బోర్డుకు నవ్వాను. దీనికి నవ్వు రాలేదు. దర్శకుడి దగ్గరికి పోయి, "సార్, ఆ సీను నిజం కాదంట," అన్నాను. "ఎవరన్నారయ్యా? ఆయనే ఒప్పుకుని, పడి మరీ చూపించాడుగా," అన్నాడు. అదీ నిజమే. ఆ సీనులో చారిత్రక తప్పు ఉంటే అది మాది కాదు, నలభై ఏళ్ల కింద పెద్దాయన స్వయంగా చేసింది. కానీ అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ వయసులో మనిషికి లోకంలో తప్పులన్నీ దిద్దే ఉద్యోగం తనకే ఇచ్చారనిపిస్తుంది.

తెల్లారగానే అవ్వ ఇంటికి పోయి గుమ్మం దగ్గరే గుసగుసగా చెప్పాను. "ఈరోజు తాతను షూటింగుకు రానియ్యకు."

"అది నాకు వదిలెయ్. ఇప్పుడే ఆముదం తాపినా," అంది ఆమె. నేను చెప్పకముందే ఆమెకు నా మీద అంత నమ్మకం. లోపలినుంచి పెద్దాయన మూలుగు వినిపించింది.

మేకప్పాయన డోలు వేషగాణ్ణి కూర్చోబెట్టి కేకేశాడు. "పుస్తకమాయనా, నుదుట ఏముంది నిన్న?"

నిన్న ఉన్నది విభూతి, మూడు అడ్డ రేఖలు. పేజీలో అదే రాసి ఉండేది. రాత్రే రబ్బరుతో చెరిపేశాను. "నామాలు," అన్నాను.

మేకప్పాయన చెయ్యి ఆగింది. "విభూతి పెట్టినట్టుందే."

"పుస్తకంలో నామాలని ఉంది."

నటుడు కూడా తల తిప్పాడు. "అన్నా, నిన్న నేను తుడుచుకుంటే బూడిద వచ్చినట్టుంది."

"పుస్తకంలో నామాలని ఉందయ్యా."

"పుస్తకంలో ఉంటే అంతే," అన్నాడు మేకప్పాయన. ఆరేళ్లుగా ఆ పుస్తకం తప్పు చెప్పింది లేదు. నుదుటి మీద నిలువుగా తెల్ల నామాలు, మధ్యలో ఎర్ర గీత, తీరుగా దిద్దాడు. ఆ నమ్మకం చూస్తే నాకు కొంచెం సిగ్గేసింది, నిజం చెప్పాలంటే ఎక్కువ సేపు కాదు.

దర్శకుడు చూస్తాడేమోనని నా భయం. కానీ సరిగ్గా అప్పుడే హీరో చెవి పోగు ఊడి దుమ్ములో పడింది. యూనిట్టంతా మోకాళ్ల మీద వెతికింది. అది దొరికే సరికి ఎండ మారిపోతుందని కంగారు. ఆ కంగారులో మొహాలన్నీ దగ్గరగా తీసేశారు. కెమెరామన్ మాత్రం ఒకసారి కెమెరాలోంచి తల ఎత్తి నటుడి నుదురు చూశాడు, నా మొహం చూశాడు, ఏమీ అనకుండా బీడీ వెలిగించుకున్నాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు ఇప్పటికీ అనుమానం.

నెల తర్వాత మద్రాసులో ఎడిటింగ్ గది. ఎడిటరు ముక్కలు కలిపి వేశాడు. శైవుడు వేదిక ఎక్కాడు. తాళం తప్పేటప్పటికి వైష్ణవుడయ్యాడు. కింద పడేటప్పుడు మళ్లీ శైవుడు. పొట్ట మీద డోలుతో లేచి చూసేటప్పుడు మళ్లీ వైష్ణవుడు. ఎడిటరు కుర్చీలోంచి జారిపడేటట్టు నవ్వాడు. దర్శకుడు నవ్వలేదు.

"ఏమిటయ్యా ఇది?"

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. "నేను క్రిస్టియన్‌ని సార్. నిలువు బొట్టుకూ అడ్డ బొట్టుకూ తేడా నాకు అంతగా తెలియదు."

చూశారా ఎంత పాపిష్టి మాటో. చుట్టూ తొమ్మిది నందులున్న ఊళ్లో పుట్టాను. మా ఇంటికి ఆ పక్క విభూతి ఇల్లు, ఈ పక్క నామాల ఇల్లు. రెండిళ్లలోనూ ప్రసాదం తిని పెరిగాను. దర్శకుడు మాత్రం నమ్మాడు. నమ్మి, తల బాదుకుని, "నా తప్పేనయ్యా, నిన్ను అడగాల్సింది," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత నాయనకు ఈ సంగతి చెబితే, "అబద్ధానికి మతాన్ని అడ్డం పెట్టుకుంటావా," అని రెండు ఆదివారాలు నన్ను చర్చిలో ముందు వరసలో కూర్చోబెట్టాడు.

మళ్లీ తీయడానికి హీరో డేట్లు లేవు, వేదిక పీకేశారు, షావుకారు ఇక దుడ్లు పెట్టనన్నాడు. సీను తీసేశారు. దాని బదులు, 'ఆ తర్వాత ఆయన మూడేళ్లు సన్నాయి ముట్టలేదు' అని ఒక గొంతు చెబుతుంది, అంతే. టైటిల్స్‌లో నా పేరు లేదు. ఆ దర్శకుడు మళ్లీ నన్ను పిలవలేదు. అయినా నేను విజయం సాధించినట్టే తిరిగాను.

సినిమా డబ్బాల్లోనే ఉండిపోయి, ఎనభైలు వచ్చాక గానీ విడుదల కాలేదు. నంద్యాలకు వచ్చిన వారంలోనే నేను ఆళ్లగడ్డ పోయి ముసలిదంపతులను బస్సులో తీసుకొచ్చాను. ఆమె మడత నలగని చీర కట్టింది. ఆయన తెల్ల కండువా వేసుకున్నాడు. దారిలో కండక్టరుతో, "నా బొమ్మ ఉంటాది. నాలుగు మాటలుండాయి," అని చెప్పాడు. అది తాగుబోతు సీనని తెలిసి కూడా. నాకు అప్పుడైనా అర్థం కావలసింది. కాలేదు.

మ్యాట్నీకి పోయాం. ఇద్దరి మధ్య కూర్చున్నాను. షావుకారు బోర్డు కనబడగానే జనం ఈలలు వేశారు, తప్పని కాదు, మన ఊరి కొట్టని. మంగళం ముందు వాయిస్తే ఎవరూ లేచి ఇంటికి పోలేదు. ట్యూబులైటు వెలిగితే పెద్దాయన మోచేత్తో నన్ను పొడిచి భుజాలు కదిలేటట్టు నవ్వాడు. ఇంటర్వెల్లో సోడా తాగించాను. తర్వాత తేరు పండగ వచ్చింది. పెద్దాయన కండువా సర్దుకుని ముందుకు వంగాడు. తేరు కదిలింది, గొంతు ఆ ఒక్క వాక్యం చెప్పింది, మరుక్షణం హీరోకు తల నెరిసింది. అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది. నలభై ఏళ్ల బరువు దిగినట్టు వెనక్కి ఆనుకుని కూర్చుంది.

పెద్దాయన మాత్రం ఆ వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయాడు. శుభం పడింది. జనం లేచారు. ఊడ్చేవాళ్లు వచ్చారు.

"ఇంగ ల్యాదా?" అన్నాడు.

"లేదు తాతా."

బస్టాండుకు నడిచాం. బల్ల మీద కూర్చున్నాక అడిగాడు. "మొత్తం చూస్తి. నేను యాడుంటినప్పా?"

"కచేరీల్లో డోలు..."

"డోలుండాది. నేను ల్యా. ముందర ఎవడో బక్కోడు, పెండ్లిలో మీసాలోడు, కడాకు ఇంగెవడో. నలభై ఏండ్లు ఆయన పక్కన కూర్చుంటి. రేపు ఎవురన్నా ఆయన పక్కన డోలు వాయించింది ఎవురంటే, ఈ బొమ్మ చూసినోడు ఏం చెప్తాడు?"

చెప్పకుండా ఉండలేకపోయాను. "నా వల్లే తాతా. నుదుటి బొట్టు తప్పు రాసినా. అందుకే ఆ సీను తీసేసినారు."

"నువ్వు తప్పు రాస్తివా? ఎవురు రాయమన్యారు?"

"ఎవరూ లేదు. తప్పు నాదే."

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఆ మాట అనేటప్పుడు కండ్లు దించగూడదప్పా. నలభై ఏండ్లు అన్యోణ్ణి, నాకు తెలీదా?" అని, భార్య వైపు తిరిగాడు. "తాగినోడని తిట్టినా, ఆయన పక్కన ఉంటినని అంటాండ్రి. నన్ను మంచోణ్ణి జెయ్యాలని, నన్నే ల్యాకుండా జేస్తివి గదే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయనను అడగాలని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. అందరికంటే పెద్ద తప్పు వెతికి పట్టుకున్నానని మురిసిపోయానే గానీ, ఆ తప్పులోనే ఆ మనిషి ఉన్నాడని చూసుకోలేదు.

ఇద్దరమూ తలలు దించుకుని ఉంటే, అవ్వ చీర కొంగుతో మొహం తుడుచుకుని, కేకలు లేకుండా, మామూలుగా మాట్లాడింది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం నేను వినలేదు.

"నువ్వు ఆయన పక్కన ఉంటివి. నేను నీ పక్కన ఉంటిని. తిట్లు నీకు పడితే కూలికి పోయింది నేను. మూడేండ్లు పొయ్యి ఎలిగించింది నేను. నేను గూడా ల్యా ఆ బొమ్మలో. నేనేమన్నా అంటినా?"

ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. పెద్దాయన లేచి, గబగబా పోయి, భుజం మీది తెల్ల కండువా తీసి కిటికీలోంచి సీటు మీద వేశాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించి, ఆ కండువా మీద ఆమెను కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడ్డాడు. నా వైపు మాత్రం చూడలేదు.